మా వదిన దాచిన గంట నాలుక

మా వదిన పోయింది. షాదీపూర్‌లో వాళ్లింట్లో మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని, టీ పెట్టినప్పుడు లేపమని చెప్పి పడుకుందట. టీ చల్లారిపోయింది. నిద్ర విషయంలో ఇంత పట్టుదల పనికిరాదు వదినా అని అక్కడే అనేశాను. ఏడుస్తున్న మా ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వినందుకు మళ్లీ ఏడ్చింది.

వదిన మా ఆవిడకు అక్క. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నేను దీవుల మధ్య తిరిగే బోట్లకు సరంగును, అంటే చుక్కాని పట్టి నడిపేవాణ్ణి. పెద్దగా చదువుకోలేదు. కానీ ముసురు పట్టినా జెట్టీ ఎటుందో చెప్పగలిగేవాణ్ణి. గొప్ప కాదు, నిజం.

బోటు మీద నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. కాసేపు నడుం వాల్చడం, గంట మోగితే లేచి వాచ్‌కు అంటే కాపలాకు నిలబడటం. రిటైరయినా ఆ అలవాటు వదల్లేదు. డాలీగంజ్‌లో మా వరండాలో ఇత్తడి గంట కట్టాను. రాత్రుళ్లు వాచ్ మారే వేళకు లేచి, అది మోగించి, ఇంటి చుట్టూ ఒక రౌండు కొట్టేవాణ్ణి. పక్కింటివాళ్లు తిట్టుకునేవారు. ముసలివాడికి నిద్రెందుకు, అది సోమరులకు అనేవాణ్ణి.

వదిన మా ఇంటికొస్తే గేటు దగ్గరే వేళాకోళం మొదలుపెట్టేది.

"ఏటి మరిదీ, ఇల్లు ఎందాకా వచ్చింది? రంగత్ జెట్టీ దాటిందా?"

"నవ్వు వదినా. నేను మేలుకోబట్టే ఇల్లు మునగలేదు."

"లంగరేసిన ఇంటికి సరంగెందుకయ్యా!"

ఒకరోజు పొద్దున గోల్ ఘర్ బజార్లో కూరలు కొని రోడ్డు మీదికొచ్చాను. ఇంటికి ఎటెళ్లాలో తోచలేదు. రోడ్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఆటో అతను "అంకుల్, కిధర్ జానా?" అంటే "మాలూమ్ హై" అని కసిరాను. తెలిస్తే కదా! సరిగ్గా అప్పుడే వదిన మందుల షాపు మెట్లు దిగింది. నా మొహం చూసింది. "డాలీగంజ్ చలో, భయ్యా" అని నన్ను ఆటోలో కూర్చోబెట్టింది.

దారిలో నేనే అడిగాను. "వదినా, నా బుర్ర పోతోందా?"

"ముందు డాక్టరుకి సూపిద్దాం. బోటు అడుగున నత్తగుల్లలు పడితే ఎక్కడ గీకుతారు?"

"ఒడ్డుకు లాగి, డ్రై డాక్‌లో."

"నీళ్లలో పరిగెడతన్నప్పుడు గీకలేరా?"

"భలేదానివే. ఎలా గీకుతారు?"

"మరి మెదడుకీ పగలంతా మురికి పడతాది. బాగా నిద్దరోయినప్పుడే ఎక్కువ కడుక్కుంటాది. వయసు మీద పడితే నిద్దర ఎలాగూ పలచనైపోద్ది. ఆ ఉన్నదాన్నీ నువ్వు ముక్కలు సేత్తన్నావు. డాక్‌లో ఎట్టిన బోటుని మాటిమాటికీ నీళ్లలోకి తోసేత్తే ఎలా మరిదీ?"

బోటు భాషలో చెబితే ఎదురు మాట్లాడలేను. ఆవిడకు ఆ సంగతి తెలుసు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ముందు నిద్ర సరిచేసుకోమన్నాడు. చూద్దాంలే అన్నాను. మర్నాడు వదిన మా వంటింట్లోంచి పట్టకారు తెచ్చి, గంట లోపల వేలాడే ఇనుప నాలుకను ఊడబీకి తన సంచిలో వేసుకుంది.

"ఇది దొంగతనం వదినా!"

"పోయి కేసెట్టుకో."

సాయంత్రం టీ బందు. మధ్యాహ్నం చిన్న కునుకు, అంతే. పడకగది కిటికీకి నా పాత లుంగీనే తెరగా కట్టింది. "మన దీవుల్లో సూర్యుడికి తొందరెక్కువ. ఆయన డ్యూటీ ఆయన్ది. నువ్వెందుకు లెగడం?" అంది. మొదట్లో ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకున్నాను. పోనుపోను నిద్ర నిలిచింది. ఇప్పుడు నా గురక ఇంజన్ చప్పుడులా ఉందని మా ఆవిడ ఫిర్యాదు.

"నిద్దరనేది పోయిన వయసుని తేదు మరిదీ, ఉన్న బుర్రకి కాపలా కాత్తాది" అనేది వదిన. ఇప్పటికీ పేర్లు మర్చిపోతాను. దారి మాత్రం మళ్లీ తప్పలేదు. ఎప్పుడు కలిసి గోల్ ఘర్ వెళ్లినా, తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కావాలనే వెనకబడి "ఎటు సరంగూ?" అనేది. నేను గడ్డంతో చూపించేవాణ్ణి. టికెట్టు కొన్న ప్యాసింజరులా బుద్ధిగా నా వెనకే నడిచేది. నేను దారి తప్పిన ఆ రోజు సంగతి సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. మా ఆవిడకు ఇది చదివితేనే తెలుస్తుంది.

పెద్దకర్మ రోజున వాళ్లబ్బాయి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. వదిన డ్యూటీకి కట్టుకున్న తెల్లచీర ముక్కలో బిగించి చుట్టిన గంట నాలుక.

"ఇంక మోగించుకోండి, ఆపేవాళ్లు లేరు" అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

తగిలించాను. గుడ్డ మాత్రం విప్పలేదు. సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడు గంట ఊగుతుంది, నాలుక వెళ్లి అంచుకు తగులుతుంది. చప్పుడు రాదు.