గుమ్మానికి అడ్డంగా కూర్చున్నావిడ

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. వన్ టౌన్‌లో రెండు వీధులవాళ్లు కొట్టుకుని వారమైంది. తగరపువలస నుంచి అటే వస్తున్న బస్సులో నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. అందులో ఒక వీధివాళ్ల పాతకాలపు రాతి దీపస్తంభం ముక్కలై పడుంది. ‘సాయంత్రం అవతలి వీధి రాతి గుమ్మం కూలగొడదాం, అందరికీ పంపండి’ అని కింద రాసుంది. వెనక సీట్లలోనూ ఫోన్లు మోగాయి, కేకలు మొదలయ్యాయి.

పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ నా ఫోన్ తీసుకుని చూసింది.

“ఏటి బాబూ ఇది? మా వీది స్తంభమే! పొద్దున్న నాను దాని పక్కనుంచే కదా వచ్చాను!”

ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంది. స్తంభం నిలబడే ఉందట.

“నోటితో సెప్తే ఎవలు నమ్ముతారు? నాతో దిగు బాబూ. నాను దాని పక్కన నిలబడతాను, నువ్వు ఫోటో తియ్యి. ఆ బొమ్మ ఎంతమందికెళ్లిందో ఇదీ అంతమందికీ ఎల్లాలి.”

పూర్ణా మార్కెట్ దగ్గర దిగి వాళ్ల వీధికి నడిచాం. ఆవిడ స్తంభం మీద చెయ్యేసి నిలబడింది. నేను ఫోటో తీసి, తెలిసినవాళ్లందరికీ పంపాను. ఆవిడ ఇంటికి వెళ్తుందనుకున్నాను. నేరుగా అవతలి వీధికి నడిచి, వీధి మొదట్లో ఉన్న ఆ రాతి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“ఇక్కడెందుకమ్మా?” అన్నాను.

“ఫోటో అందనోళ్లు కొందరుంటారు బాబూ. ఆళ్లకి నాను సెప్తాను.”

సాయంత్రం గునపాలతో ఆవిడ వీధివాళ్లే కొందరు రానే వచ్చారు. ఆవిడ లేవలేదు. వచ్చినవాళ్లే వెనక్కి వెళ్లారు.