పసుపు కారు మీద నేనిచ్చిన తప్పు రిపోర్టు

2010 జూన్‌లో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని విదేశీ కార్ల వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. అంతకుముందు పదహారేళ్లు అదే యజమాని విజయవాడ షెడ్డులో లారీలు చూశాను. ఎడ్ల డాక్టరును పట్టుకొచ్చి రేసుగుర్రాల దగ్గర కూర్చోబెట్టారని మా ఆవిడ నవ్వింది. నాకు కోపం వచ్చింది కానీ, మొదటి నెలంతా ఆవిడ మాటే నిజమనిపించింది.

వర్క్‌షాపులో అందరికంటే పైన యజమాని, ఆయన తర్వాత నేను. నా కింద ఫోర్‌మన్ యాదగిరి. చర్లపల్లి మనిషి, చదివింది ఐటీఐ, చెవితో ఇంజను జబ్బు చెప్పగలడు. అతని కింద పదకొండుమంది మెకానిక్కులు. మరమ్మతులతో పాటు మాకు ఇంకో పని ఉండేది. సెకండ్‌హ్యాండ్ కారు కొనాలనుకునేవాళ్లు బండిని మా దగ్గర పెట్టిస్తే, తనిఖీ చేసి నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చేవాళ్లం. మొదటి పేజీలో బండి వివరాలు, రెండో పేజీలో ఊళ్లో నడిపి చూసిన సంగతులు, మూడో పేజీలో వేగంగా నడిపి చూసిన సంగతులు. నాలుగో పేజీలో ఒకే ఒక్క మాట: కొనవచ్చు, లేదా కొనవద్దు. మధ్యే మార్గం రాయకూడదని యజమాని నియమం. కింద నా సంతకం. ఆ సంతకం అంటే నాకు కాస్త ఎక్కువ గర్వమే.

ఆ ఏడు దసరాకు ముందు నర్సింహారెడ్డి గారు వచ్చారు. ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు ఉంది ఆయనకు. నలభై ఏడేళ్లు. చిన్నప్పుడు ఉప్పల్ చౌరస్తాలో ఒక మంగలి షాపు గోడమీద స్పోర్ట్స్ కారు బొమ్మ చూసి, క్షవరం అయిపోయినా లేవకుండా కూర్చునేవాడినని చెప్పారు. నాలుగేళ్ల కిందట రింగురోడ్డు మీద బైకు తోలి కాలు విరగ్గొట్టుకుని, లోపల రాడ్డు వేయించుకున్నారు. అప్పటినుంచి వేగం అనేది రేసింగ్ ట్రాక్ మీదే తప్ప రోడ్డు మీద ఉండదని భార్య అనసూయమ్మ గారికి మాటిచ్చారు. చెన్నై దగ్గర ఒక ట్రాక్ ఉంది. సొంత కార్లతో వచ్చి నడుపుకోవడానికి అక్కడ కొన్ని రోజులు కేటాయిస్తారు, వాటిని ట్రాక్ డే అంటారు. దానికోసం కారు కొంటానంటే ఆవిడ ఒప్పుకున్నారు, కానీ షరతు పెట్టారు.

"ఒక్కటే బండి సార్. అదే ట్రాక్ మీద ఉరకాలె, అదే మమ్ముల తల్లిగారింటికి తీస్కపోవాలె. రెండో బండి మాటెత్తితే నేను తల్లిగారింటి కాన్నే ఉంట అన్నది," అని రెడ్డి గారు వాపోయారు.

ఎంచుకోవడానికి రెండు బండ్లున్నాయి. ఒకటి పసుపు రంగు జర్మన్ కారు, అంబర్‌పేటలో ఒక డాక్టరుగారిది. దానికి ఇంజను వెనకాల ఉంటుంది, గేర్లు చేత్తో మార్చాలి, నేలకు చీమ దూరేంత ఎత్తులో ఉంటుంది. ఇంకొకటి తెల్ల జపాన్ కారు, బెంగళూరు నుంచి రావాలి. ఇంజను ముందు, శక్తి నాలుగు చక్రాలకూ, గేర్లు అవే మారతాయి, వెనక ఇద్దరు పిల్లలు ఇరుక్కుని కూర్చోవచ్చు. రెడ్డి గారి మనసు పసుపు దాని మీదే. అది చూసినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడేవారు. అయితే డాక్టరుగారికి ముంబై నుంచి ఇంకో బేరం వచ్చింది. దసరా అయ్యాక మూడో సోమవారం వాళ్లు వచ్చి బండి తీసుకుపోతారు. అంతలోపు నేను ఏదో ఒకటి రాయాలి.

"మీరు రాసిందే ఫైనల్ సార్. మీరు వద్దంటే నేను మల్ల అడగ," అన్నారు రెడ్డి గారు.

పసుపు కారు దసరాకు రెండు రోజుల ముందే మా షెడ్డుకు చేరింది. మా దగ్గర ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. పనిముట్లకూ, లిఫ్టులకూ, ఆ రోజు షెడ్డులో ఉన్న ప్రతి బండికీ పూజ చేస్తాం. కస్టమర్ బండి కదా అని వదలం. వదిలితే కస్టమరే నొచ్చుకుంటాడు. ఆ ఏడు కొత్త మేనేజరుగా నా ఉత్సాహం కొద్దీ గుడిమల్కాపూర్ మార్కెట్టు నుంచి బస్తాలకొద్దీ బంతిపూలు తెప్పించాను. పసుపు కారుకు పసుపు బంతిదండ ముందు బంపరు పొడవునా రెండు వరసలు కట్టించి, దూరం నుంచి చూసి మురిసిపోయాను. తెల్లకారు పండుగ మర్నాడు వచ్చింది కాబట్టి దానికి నిమ్మకాయతో సరిపెట్టాం.

ఊళ్లో పరీక్ష పండుగ తర్వాత మూడో రోజు పెట్టాను. దండలు వాడిపోయాయి, తీసేయమన్నాను. అనసూయమ్మ గారు ఒప్పుకోలేదు. పండుగ దండ మనం తియ్యొద్దు, అదే రాలిపోవాలె అన్నారు. యాదగిరి కూడా ఆవిడ వైపే. సరే, దండతోనే బయల్దేరాం. నేను స్టీరింగు, ఆవిడ నా పక్కన, రెడ్డి గారు యాదగిరితో వెనకాల ఆటోలో. నాచారం నుంచి మల్లాపూర్, చర్లపల్లి మీదుగా దమ్మాయిగూడలో ఆవిడ తల్లిగారింటి దాకా వెళ్లి రావాలి. ఆ కాలంలో ఆ దారిలో కాలనీకో స్పీడ్‌బ్రేకరు, అదీ ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు పోయించింది. అంత కిందుగా ఉన్న కారును దాని మీదుగా నేరుగా తోలితే పొట్ట గీసుకుంటుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కించి దింపాలి. నేనలా పాములా మెలికలు తిరుగుతుంటే వెనక బస్సువాడు హారన్ మోత మోగించాడు.

అనసూయమ్మ గారు విసుక్కుంటారనుకున్నాను. ఆవిడ హాయిగా కూర్చున్నారు. "నేలమీద పీట ఏస్కొని గూసున్నట్టుంది అన్నా. ముందర మంచిగ కనవడుతుంది," అన్నారు. నాచారం మార్కెట్టులో కూరగాయలవాళ్లు బండి చూసి దండం పెడితే ఆవిడా తిరిగి పెట్టారు. ఒక్క ఫిర్యాదు మాత్రం చేశారు. ఏసీ సరిగా చల్లగా రావట్లేదని. నేను రెండో పేజీలో మూడో వరసలో రాశాను: ఏసీ బలహీనం, గ్యాసు నింపించాలి. తర్వాత అదే దారిలో తిప్పిన తెల్లకారులో ఏసీ వణికించింది కానీ, గేరు మారినప్పుడల్లా కింద ఎవరో తలుపు కొడుతున్నట్టుందని ఆవిడ ముఖం చిట్లించారు. ఊళ్లో పరీక్షలో పసుపు కారే నెగ్గింది. రెడ్డి గారు ఆ సాయంత్రం మా మెకానిక్కులందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు.

చెన్నైకి లారీ మీద ఎక్కించే ముందు బండ్లు అద్దంలా ఉండాలన్నాను. నా మాట మీదే దండలు కత్తిరించి, ముందు భాగాన్ని ప్రెషర్ పంపుతో కడిగారు. నేను టార్చి వేసి చూశాను. బంపరు కన్నాల్లో లోపలి జాలీ తళతళలాడుతోంది. తృప్తిపడ్డాను.

ట్రాక్ మీద రెండు బండ్లనూ ఒకే మనిషి నడపాలి, లేకపోతే పోలిక కుదరదు. అక్కడి శిక్షకుడు నడిపాడు. పక్కన హెల్మెట్ పెట్టుకుని, తొడమీద పుస్తకంతో నేను. మొదటి మలుపులోనే నా పెన్ను ఎటో ఎగిరిపోయింది. లారీలు చూసిన మనిషిని, ఇంత వేగంగా వంకర తిరగొచ్చని నాకెవరూ చెప్పలేదు. తెల్లకారు బరువుది. మలుపు ముందు బ్రేకు కాస్త ముందుగా తొక్కాలి కానీ, పదిహేను చుట్లు తిరిగినా మీటర్లలో ఏ ముల్లూ ప్రమాదపు గీత దాటలేదు. పసుపు కారు బాణంలా తిరిగింది, చెప్పిన చోట ఆగింది. శిక్షకుడు కూడా ఈల వేశాడు. కానీ నాలుగో చుట్టుకు ఇంజను నీళ్ల వేడి చూపే ముల్లు లేచింది. ఆరో చుట్టుకు ప్రమాదపు గీతను తాకింది. నేను చెయ్యెత్తి ఆపించాను. చల్లార్చి మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. గోడ పక్కన నిలబడ్డ రెడ్డి గారు నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు.

షెడ్డుకు తిరిగొచ్చాక యాదగిరి, నేను రెండు రోజులు దాని వెంటపడ్డాం. నీళ్ల లీకు లేదు, నీళ్ల వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ బాగుంది, ఇంజను ఒత్తిడి బాగుంది. మిగిలింది నీళ్ల పంపు, లేదా లోపల మొదలవుతున్న పెద్ద జబ్బు. పెద్ద జబ్బు ఉండొచ్చని అనుమానం వస్తే కొనవద్దనడమే పద్ధతి. మూడో పేజీలో వేడి సంగతి రాసి, నాలుగో పేజీలో "కొనవద్దు" అని రాసి సంతకం పెట్టాను. కష్టంగానే అనిపించింది, కానీ నిజాయితీగా పనిచేశానన్న ధీమా కూడా ఉంది.

శనివారం దంపతులిద్దరినీ పిలిచి నా క్యాబిన్‌లో రిపోర్టు చదివాను. రెడ్డి గారు కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "తెల్లదే తీస్కుందాం తియ్యి," అన్నారు భార్యతో. ఆ గొంతు వినలేకపోయాను. అనసూయమ్మ గారు కదల్లేదు.

"ఏసీ సల్లగ రాలే అని జెప్పిన, అది రాసిన్రా అన్నా?"

రాశానమ్మా, రెండో పేజీలో ఉంది అన్నాను.

"ఏసీ సల్లగ రాకపోవుడు, ఇంజను కాగుడు, రెండు వేరేనా? ఒక్కటేనా?"

వేరేనమ్మా అని నోరు తెరిచి, అక్కడే ఆగిపోయాను. ఏసీ చల్లబడాలంటే కండెన్సర్ అనే జాలీపలకకు గాలి తగలాలి. ఈ కారులో ఇంజను వెనకాల ఉన్నా, దాని నీళ్లను చల్లబరిచే రేడియేటర్లు ముందు బంపరులోనే ఉంటాయి, కండెన్సర్‌కు సరిగ్గా వెనక. రెండిటికీ ఒకటే కన్నం, ఒకటే గాలి. నేను టార్చి వేసి చూసి మురిసిపోయింది ముందున్న జాలీని. దాని వెనక ఏముందో చూడలేదు. రెండు లోపాలూ నా దస్తూరీతోనే ఉన్నాయి, ఒకటి రెండో పేజీలో, ఇంకొకటి మూడో పేజీలో. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

యాదగిరిని కేకేసి బంపరు విప్పించాను. గంట పట్టింది. కండెన్సర్‌ను వంచి ఎత్తగానే దానికీ రేడియేటరుకూ మధ్య, రెండు వైపులా, ఎండి అతుక్కుపోయిన బంతిరేకులు. వేలి మందాన, గోనెగుడ్డలా. దండతో ఊరంతా తిప్పినప్పుడు గాలికి కొన్ని లోపలికి పోయాయి. ప్రెషర్ పంపు మిగతావాటిని పక్కసందుల్లోంచి వెనక్కి తోసి కుక్కింది. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే ఏసీకి మాత్రమే ఇబ్బంది. ట్రాక్ మీద ఇంజను మొత్తం శక్తితో పనిచేసేసరికి ఊపిరాడలేదు.

యాదగిరి చేతిలో రేకులు పట్టుకుని, నా ముఖం వైపు చూడకుండా, "మనం గట్టిన దండలే సార్," అన్నాడు.

రెడ్డి గారు పగలబడి నవ్వారు. "మీ పూజ మస్తు లోపలికి పోయింది సార్! దేవుడు గాడ్నే గూసున్నడు!" మెకానిక్కులు అటు తిరిగి నవ్వుకున్నారు. నాకు మాత్రం పదహారేళ్ల సర్వీసులో అంత సిగ్గుపడ్డ రోజు లేదు.

ముందు డాక్టరుగారికి ఫోన్ చేశాను, ఎందుకంటే నేను నింద వేసింది ఆయన బండి మీద. జరిగింది జరిగినట్టు చెప్పి, రిపోర్టు రద్దు చేస్తున్నట్టు ఉత్తరం పంపాను. ముంబై వాళ్లను మూడు రోజులు ఆపమని బతిమాలాను. ఆయన, ఈ సంగతి రాతపూర్వకంగా ఇస్తున్నారు కాబట్టి ఆపుతానన్నారు. తర్వాత యజమానికి చెప్పాను. ఆయన అన్నవి ఇక్కడ రాయను. రెండోసారి చెన్నై వెళ్లడానికి మాత్రం ఒప్పుకున్నారు.

మంగళవారం అదే ట్రాక్, అదే శిక్షకుడు. ఇరవై చుట్లు. వేడి ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదు. ఆ తర్వాత రెడ్డి గారు తానే పది చుట్లు నడిపి వచ్చి, హెల్మెట్ తీసి, నా భుజం పట్టుకున్నారు. "ఇంటికి మీరే ఫోన్ జెయ్యండి సార్. నాకు మాట వస్తలేదు," అన్నారు. చేశాను. వేడి సంగతీ, బ్రేకుల సంగతీ వివరంగా చెప్పబోతే అనసూయమ్మ గారు మధ్యలోనే ఆపి, ఏసీ చల్లగా వస్తోందా అని అడిగారు. వస్తోందన్నాను. అయితే తీసుకురమ్మన్నారు. నాలుగో పేజీ కొత్తగా రాసి, "కొనవచ్చు" కింద సంతకం పెట్టాను.

రిటైరయ్యే దాకా ఆ వర్క్‌షాపులో నేను చేసిన మార్పులు రెండే. ఊరి పరీక్షకూ ట్రాక్ పరీక్షకూ విడి పేజీలు తీసేసి ఒకే పేజీ చేశాను. రోడ్డు మీద నడిచేదీ ట్రాక్ మీద పరుగెత్తేదీ ఒకే బండి కనుక, స్పోర్ట్స్ కారు ఎంచుకునేవాళ్లు రెండు పరీక్షల లోపాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండో మార్పు, రిపోర్టు పైభాగంలో ఒక కొత్త గడి: బండి మన చేతికొచ్చాక మనం దానికి ఏమేం చేశాం. కడగడం, నిలపడం, పూజ, అన్నీ అందులో రాయాలి. మెకానిక్కులు మొదట్లో ఆ గడి చూసి నవ్వేవారు. లోపం వెతికేవాడు అన్నిటికంటే ముందు తను చేసిన పనినే అనుమానించాలి. ఆ కారు విషయంలో నేను దాన్ని అన్నిటికంటే ఆఖర్న అనుమానించాను, అదీ ఒకావిడ అడిగితేనే.