తెర మీద వడ్ల పురుగులు

మా బుచ్చిరెడ్డిపాలెం సినిమా హాలు మొదట వడ్ల మిల్లు. యంత్రాలు తీసేసి, గోడలకు సున్నం కొట్టి తెర కట్టారు. యాభైల చివర నేను దానికి మేనేజర్ని. యజమాని నెల్లూరులో ఉండేవారు. తాళాలు నా దగ్గర.

ఒకసారి కోతలప్పుడు ముసురు పట్టింది. వడ్ల వ్యాపారం చేసే మా బావమరిది వచ్చి, "పది రోజులే బావా, బస్తాలు హాల్లో ఏసుకుంటా" అన్నాడు. కాదనడం నాకెప్పుడూ చేతకాలేదు. దాన్ని మంచితనం అనుకునేవాణ్ణి. పిరికితనం.

నేల టిక్కెట్టు జాగా అంతా బస్తాలు పరిచాడు. నేల టిక్కెట్టు వాళ్ళు వాటి మీదెక్కి కూర్చుంటే వెనక బెంచీల వాళ్ళకు సగం తెరే మిగిలేది. "మేం బెంచీ టిక్కెట్టు కొన్నది ఈళ్ళ వీపులు చూసేదానికా?" అని రోజూ నా మీదికొచ్చేవాళ్ళు. పది రోజులు రెండు నెలలయ్యాయి. తడి వడ్లు వేడెక్కి రెక్కల పురుగులు పుట్టాయి. అవి ప్రొజెక్టరు వెలుగులోకి ఎగిరేవి. కథానాయిక ముఖం మీద కాకులంత నీడలు తిరిగేవి.

ఆపరేటరు నాకన్నా పెద్దవాడు. మిల్లు రోజుల్లో ఇంజను నడిపి, తర్వాత ప్రొజెక్టరు నేర్చుకున్నాడు. ఆటకు పదిసార్లు అద్దం తుడిచేవాడు.

"అబ్బయా, బస్తాలు ఎత్తిస్తావా, నన్ను ఇంటికి పొమ్మంటావా?"

"రేపు ఎత్తిస్తా అన్నా."

జనం తగ్గారు. బొమ్మ మసకగా ఉందని ఫిర్యాదులొస్తున్నాయి, కారణమేమిటని యజమాని ఉత్తరం రాశారు. బస్తాల ఊసెత్తకుండా, "ఆపరేటరు అశ్రద్ధ" అని జవాబు రాశాను. ఆ రెండు మాటలకు అతని ఉద్యోగం పోయింది. కొత్త ఆపరేటరు వచ్చినా పురుగులు పోలేదు. మరుసటేడు యజమాని విసిగి, బెంచీలు అమ్మేసి, హాలును మా బావమరిదికే గోడౌనుగా ఇచ్చేశారు. అందులో గుమాస్తాగా చేరింది నేనే.

కొన్నేళ్ళకు ఆ పాత ఆపరేటరు విడవలూరులో డేరా సినిమా ఆడిస్తున్నాడని విని, నిజం చెప్పేద్దామని సైకిలెక్కాను. మొదటి ఆటకు ముందు యంత్రానికి నూనె వేస్తున్నాడు.

"ఏం అబ్బయా, నీ పురుగులు బాగుండాయా?" అని నవ్వాడు.

నా ఉత్తరం సంగతి అతనికి తెలియదని ఆ నవ్వుతోనే అర్థమైంది. దారంతా అనుకుంటూ వచ్చిన మాట పక్కన పెట్టేశాను.

"ఇక్కడ బొమ్మ బాగా పడతందా అన్నా?" అన్నాను.

"కూర్చోని చూసిపో."

ఇసకలో కూర్చుని ఆటంతా చూశాను. తెర మీద ఒక్క మచ్చ లేదు. ఆట అయ్యాక, అతను రీళ్ళు సర్దుకుంటుండగా, చెప్పకుండానే వచ్చేశాను.