శనివారం వాక్యానికి రిజర్వేషన్

పీహెచ్‌డీ చేసే రోజుల్లో మనిషికి రెండు భ్రమలుంటాయి. తాను రాసింది ఎవరో ఒకరు చదువుతారని ఒకటి, తాను చదవమంటే జనం చదువుతారని రెండోది. నా మొదటి భ్రమను మా గైడ్ సార్ పోగొట్టారు. (నా థీసిస్ అధ్యాయం నెలల తరబడి ఆయన బల్ల మీదే ఉండేది, దాని మీద ఆయన టీ కప్పు ఉండేది.) రెండోదాన్ని పోగొట్టే పని తార్నాకలోని మా చిన్న సంఘం నెత్తికెత్తుకుంది, అదీ ఎంతో ప్రేమగా.

అప్పుడు నేను యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఉంటూ, ఆదివారాలు తార్నాక సందులో ఒక మందుల దుకాణం పైన జరిగే ఆరాధనకు వెళ్లేదాన్ని. ఒకరోజు అయ్యగారు (అంటే మా పాస్టర్ గారు, సంఘంలో అందరూ అలాగే పిలుస్తారు) నన్ను పక్కకు పిలిచారు. “అమ్మా, నేనెంత చెప్పినా మనోళ్లు ఆమేన్ అంటున్నరు, ఇంటికి పోతున్నరు. ఇంట్ల బైబిల్ తెరుస్తలేరు. నువ్వు చదువుకున్నదానివి. శనివారం శనివారం వాళ్లతోని చదివించు. సంఘం ఆత్మీయంగ ఎదగాలె” అన్నారు. చదువుకున్నదానివి అనే మాట వినగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. సంఘం ఆత్మీయ ఎదుగుదలకు ఆ సాయంత్రమే ఒక సెమిస్టర్ ప్లాన్ తయారుచేశాను. వారానికో అధ్యాయం ఇంట్లో చదువుకోవాలి, శనివారం వచ్చి మళ్లీ కలిసి చదివి చర్చించాలి. చర్చకు ప్రశ్నలు కూడా నేనే సిద్ధం చేశాను. ఆ ప్రశ్నలు చూస్తే ఇప్పుడు నాకే భయమేస్తుంది.

మా దగ్గర వాక్యం వంతులవారీగా చదవడం అలవాటు. గుండ్రంగా కుర్చీలు వేసుకుని, తలా ఒక వచనం చదువుతారు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. అసలు జరిగేదేమిటంటే, కూర్చున్న క్షణం నుంచి ప్రతి ఒక్కరూ తలకాయలు లెక్కపెట్టి తమ వంతుకు ఏ వచనం వస్తుందో కనిపెడతారు. దాని మీద వేలు పెట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చుంటారు. వంతు రాగానే గొంతెత్తి చదివేసి, హమ్మయ్య అని వెనక్కి వాలిపోతారు. ఆ తర్వాత ఏ రాజు గెలిచాడో ఏ ప్రవక్త ఏడ్చాడో వాళ్లకు అక్కర్లేదు. ఇక ఆలస్యంగా ఎవరైనా వచ్చి మధ్యలో కూర్చున్నారంటే అయిపోయింది, లెక్కంతా తారుమారు. అంబర్‌పేట అక్కకు బస్సు ఏనాడూ సమయానికి దొరికేది కాదు. ఆమె గుమ్మంలో కనిపించగానే సీతాఫల్‌మండి నుంచి వచ్చే రైల్వే మామ (ఆయన రైల్వేలో రిటైరయ్యాడు కానీ రైల్వే ఆయన్ను వదల్లేదు) చెయ్యెత్తి ఆపేసేవాడు. “గీడ కూసోకు బిడ్డా, మావన్నీ మారుతయ్! ఆ కొసకు పో!”

చదవడం ముగిశాక నేను గొంతు సవరించుకుని, “ఈ అధ్యాయంలో మీకు ఏం అర్థమైంది?” అని అడిగేదాన్ని. అందరూ బైబిళ్లు మూసి సంచుల్లో పెట్టుకునేవాళ్లు. చివరికి గోల్నాక వదిన నా మీద జాలిపడి, “మంచిగున్నది స్కాలరమ్మా” అనేది.

“ఏం మంచిగుంది వదినా?”

“అంతా మంచిగనే ఉన్నది. దేవుని వాక్యం కదా.”

విసుగొచ్చి ఒక వారం వంతులు రద్దుచేశాను. నాకు తోచినవాళ్లను లేపి చదివిస్తానన్నాను. మరుసటి శనివారం ఒకరికి మోకాలి నొప్పి, ఇంకొకరికి చుట్టాలు, వదినకు ఏకంగా మోకాలి నొప్పితో ఉన్న చుట్టాలు. హాల్లో నేనూ రైల్వే మామా మిగిలాం. మామ వంతు తర్వాత నా వంతు, నా వంతు తర్వాత మామ వంతు. నోరు మూసుకుని పాత పద్ధతికే వచ్చాను.

ఈలోగా మా క్వయర్ వాళ్ల కన్ను శనివారం హాలు మీద పడింది. పాటల సాధనకు చోటు లేదని, అక్కడ చదివేది ఎలాగూ ఎవరూ వినడం లేదని అయ్యగారి చెవిన వేశారు. అయ్యగారు నన్ను పిలిచి, “వచ్చే శనివారం నేను, అమ్మగారు వచ్చి కూసుంటం. నడుస్తున్నదంటే నడిపిద్దాం. లేదంటే క్వయర్‌కిద్దాం. నువ్వు మనసుల పెట్టుకోకు” అన్నారు. ఎలా పెట్టుకోకుండా ఉంటాను? గైడ్ పట్టించుకోని ల్యాబు, మాట్లాడే దిక్కులేని హాస్టల్ గది కాక, ఆ ఊళ్లో నాకంటూ ఉన్నది ఆ శనివారం ఒక్కటే. ఎంత విసుక్కున్నా ఆ గదిలోకి అడుగుపెడితే “వచ్చినవా స్కాలరమ్మా” అనే గొంతులుండేవి. అది పోతుందంటే నిజంగా ఏడుపొచ్చింది.

పైగా ఆ వారానికి నా ప్లాన్‌లో ఉన్నది పాత నిబంధనలో కూలిపోయిన పట్టణపు గోడను జనం తిరిగి కట్టే అధ్యాయం. ఫలానా వాడి కొడుకు ఇంతవరకు కట్టాడు, ఆ పక్కన మరొకడు కట్టాడు, ఇంకొకడు తన ఇంటి ముందున్న గోడ భాగం తానే కట్టుకున్నాడు, అంతే. నోరు తిరగని పేర్ల కొండ. మార్చుకొమ్మని అందరూ బతిమాలారు. ప్లాన్ ప్లానే అన్నాను. (స్కాలర్‌ని కదా.)

ఆ శనివారం నేను వెళ్లేసరికి నా కళ్లను నేనే నమ్మలేదు. అందరూ ముందే వచ్చారు. అంబర్‌పేట అక్క కూడా! ప్రతి కుర్చీ వీపుకు ఒక నంబరు కాగితం అంటించి ఉంది. రైల్వే మామ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. “వాట్సాప్‌ల రిజర్వేషన్ చేసేసిన. ఎవరి బెర్త్ నంబర్ ఏదో వాళ్ల వచనం గదే. వారం సంది అందరు ప్రాక్టీస్ చేసిన్రు. నువ్వు ఫికర్ చెయ్యకు.” అయ్యగారు చూడాలనుకున్నది ఎదుగుదల, మామ చూపించబోయేది లీకైన ప్రశ్నపత్రం. కాగితాలు పీకేద్దామని నేను లేచేసరికే అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ లోపలికి వచ్చి, నవ్వుతూ పన్నెండూ పదమూడూ కుర్చీల్లో కూర్చున్నారు.

పన్నెండు అంబర్‌పేట అక్కది. ఆమె మంచినీళ్లు తాగొచ్చి, అయ్యగారి ముందు నిలబడింది. “అయ్యగారు, గా కుర్చీ నాది.”

“ఇంకో దాంట్లో కూర్చో అక్కా!” అని నేను పళ్లు నూరాను.

“నేను పోను. పన్నెండోది నాది. అండ్ల ఒకాయన బిడ్డలతోని కలిసి గోడ కట్టిండని ఉన్నది. నాకు ముగ్గురు ఆడబిడ్డలే. పొద్దుగాల రొట్టెలు చేసుకుంట వాళ్లకు చదివి వినిపించిన. చూడున్రి, ఆడపిల్లలు గోడ కట్టిన్రు అని చెప్పిన. ఇప్పుడు నాది ఇంకెవరో చదువుతరా?”

అయ్యగారు గబుక్కున లేచారు. లేచి పద్నాలుగులో కూర్చోబోతే గోల్నాక వదిన లబలబలాడింది. ఒకరు కంసాలి కట్టిన భాగం తనదన్నారు, ఇంకొకరు తన ఇంటి ముందు కట్టుకున్నవాడు తనవాడన్నారు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. చివరికి అయ్యగారు గోడ వారగా నిలబడి అందరి చేతా చదివించారు. చూడకుండా చెప్పారు వాళ్లు, ఆ పేర్లన్నీ. పక్కవాళ్ల వచనంలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. “చూడండి అయ్యగారూ, ఇదీ నా బాధ!” అని నేను వాపోయాను. ఆయన నవ్వి, “ఆ పట్నపోళ్లు గూడ గట్లనే కట్టిన్రు కదమ్మా, ఎవరి ముందటిది వాళ్లు. శనివారం నడవనీ” అన్నారు. హమ్మయ్య అనుకున్నానో లేదో, ఆయనే మళ్లీ నా వైపు తిరిగారు. “మరి నీ వచనమేది?”

నాకు వచనం లేదు. నడిపించేదాన్ని నాకెందుకు వచనం?

“ఉన్నది, ఉన్నది,” అన్నాడు రైల్వే మామ ఉత్సాహంగా. “ఐదోది ఎవ్వరు తీసుకోలే. గదే స్కాలరమ్మకు పెట్టిన.”

చదివాను. ఒక ఊరివాళ్లంతా వచ్చి గోడ పనిలో ఉంటే, వాళ్లలో పెద్దలు మాత్రం మెడ వంచి పని చేయలేదని ఉంది. అంబర్‌పేట అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా విద్యార్థులూ చదవరు, నేనూ విసుక్కోవడం మానలేదు. ఆ పెద్దలు పని చేయలేదని ఎలా అంటారు, ఎవరో ఒకరు పక్కన నిలబడి చూసుకోవాలి కదా అని అప్పుడు మామతో చాలాసేపు వాదించాను. ఆ స్కాలరమ్మ ఇప్పుడు ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే ఒక వచనం చదివి వినిపించమని అడుగుతాను. ఆమె ముందుగా తన ప్లాన్ చూపిస్తానంటుంది, నాకు తెలుసు.