బావ వీడియోలో లేని మాట

దయ్యాల మీద, ఆత్మల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోతాను. పైగా నా పని కంప్యూటర్లతో. ఏ తప్పు జరిగినా దానికో కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నమ్మి బతుకుతున్నదాన్ని.

మా అక్క స్వరూపను నెక్కొండ దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావ మిర్చి రైతు. చేలో నిలబడి, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలి, ఎప్పుడు నీళ్లు పెట్టాలి అని ఫోన్‌లో వీడియోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టేవాడు. చూసేవాళ్లు తక్కువే, అయినా మానలేదు. పోయినేడు గుండెపోటు వచ్చి, వరంగల్ దవాఖానకు తెచ్చేలోపే పోయాడు.

భూమి కౌలుకు ఇచ్చేయమని అందరూ అన్నారు. అక్క వినలేదు. "ఆయన చేసిన ఎవుసం నేనెందుకు చెయ్యరాదు?" అంది. చేను పనంతా తెలిసిన మనిషే కానీ, మందుల సంగతి, నీళ్ల సంగతి బావే చూసుకునేవాడు. అవన్నీ ఆ వీడియోల్లో ఉన్నాయి. అక్క మాత్రం వాటిని చూడలేకపోయింది. గొంతు వినబడగానే ఫోన్ బోర్లా పెట్టేసేది.

నేను హసన్‌పర్తిలో ఇంటి నుంచే పనిచేస్తాను. వీడియో లింకు ఇస్తే అందులోని మాటలను అక్షరాలుగా తెచ్చి ఏఐ ఏజెంటుకు అందించే టూల్ ఒకటి మా పనిలో వాడతాం. అది వీడియోను చూడదు, వినదు. వీడియో సైటు తనంతట తాను విని రాసి ఉంచిన పాఠాన్ని తెచ్చిస్తుంది, అంతే. ఏజెంటు అది చదివి, మనం అడిగినదానికి జవాబు చెబుతుంది. బావ వీడియోలన్నీ దానికి అందించాను. అక్క ఫోన్ చేసి అడిగేది. నేను టైప్ చేసి, వచ్చిన జవాబు చదివి వినిపించేదాన్ని. పురుగు వచ్చినా, ఆకు ముడిచినా అలాగే గట్టెక్కాం.

మంచు బాగా కురిసిన ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, మోటర్ ఎయ్యనీకి పోతాన. చేను పూత మీదున్నది. నీళ్లు ఎంత ఇడువాల్నో జర అడుగు."

అడిగాను. జవాబు వచ్చింది. అలవాటుగా, నేను ముందు చూసుకోకుండానే పైకి చదివేశాను. నీళ్ల గురించి చెప్పే ముందు వీడియోలో బావ ఒక హెచ్చరిక చేశాడని ఉంది. ఆ కిందే ఆయన మాటలు: "వకీలమ్మా, డబ్బ ముట్టకు. కరెంటు దిగుతాంది."

అక్క నన్ను ఆపింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

ప్రతిదానికీ వాదిస్తుందని బావ అక్కను వకీలమ్మా అని పిలిచేవాడట. ఇద్దరే ఉన్నప్పుడు మాత్రమే. ఆ సంగతి అక్క ఏడుస్తూ చెప్పేదాకా నాకు తెలియదు.

ఆమె మోటర్ వేసే స్టార్టర్ డబ్బా ముట్టలేదు. ఊళ్లో మోటర్లు బాగుచేసే యాకయ్యను పిలిపించింది. ఫోన్ పెట్టేయకపోవడంతో అతను అరవడం నాకూ వినబడింది.

"వదినె, ఎనుకకు జరుగు! డబ్బ మొత్తం కరెంటే ఉన్నది!"

లోపల ఎలుకలు తీగ కొరికాయి. రాగి బయటపడి ఇనుప డబ్బాకు తగులుతోంది. మంచుకు డబ్బా, కింద నేలా తడిసి ఉన్నాయి. చెయ్యి పెట్టి ఉంటే మనిషి దక్కేది కాదని యాకయ్య అన్నాడు.

ఆ రోజంతా నేను వేరే పని చేయలేదు. ముందు ఏజెంటు కల్పించి చెప్పిందేమో అనుకున్నాను. కాదు. టూల్ తెచ్చిన పాఠంలోనే ఆ మాట ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వీడియో విన్నాను. బావ పూత గురించి మాట్లాడుతూ ఆగి, మోటర్ వైపు తిరిగి చూస్తాడు. గాలి చప్పుడు వినబడుతుంది. మళ్లీ ఇటు తిరిగి నీళ్ల గురించి చెబుతాడు. ఆ మధ్యలో మాటే లేదు.

అదే లింకు మళ్లీ ఇచ్చాను. ఈసారి ఆ చోట "సంగీతం" అని మాత్రమే వచ్చింది. చప్పుళ్లు అర్థం కానప్పుడు సైటు అలా రాస్తుంది. మొదట తెచ్చిన పాఠం నా కంప్యూటర్‌లో ఇప్పటికీ ఉంది.

గాలి చప్పుడును యంత్రం మాటలుగా పొరపడుతుందని నాతో పనిచేసే ఒకాయన చెప్పాడు. నిజమే, నేనూ చూశాను. కానీ ఎలుకలు తీగ కొరికింది ఈ మధ్యేనని యాకయ్య అన్నాడు; ఆ వీడియో తీసిన నాటికి అది బాగానే ఉంది.

ఆ వారమే అక్క ఊరికి వెళ్లి ఇదంతా అక్కకు వివరించాను. వీడియోలో బావ ఆ మాట అనలేదని, యంత్రాలు ఒక్కోసారి ఇలా తప్పు రాస్తాయని చెప్పాను. అక్క చివరిదాకా విన్నది.

"మరి ఆయన నన్ను వకీలమ్మ అంటడని దానికి ఎవలు చెప్పిన్రు?"

ఆ పిలుపు వేరే ఏ వీడియోలోనూ లేదు.

అక్క నా చెయ్యి పట్టుకుని, చిన్న గొంతుతో అడిగింది.

"ఇంకేమన్న అన్నడా, చెల్లె?"

వీడియోల పాఠాలన్నీ అప్పటికే వెతికాను. ఇంకేమీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.