నడు అన్నాడు మామ

నా చిన్నప్పుడు నన్ను బాగా ఏడిపించిన మాట ఒకటుంది: నడు. డెబ్బైల్లో ఒక ఏడాది నగరి దగ్గరి మా పల్లె వదిలి, తమిళనాడు వైపు కే.జీ.కండిగైలో మామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన తెలుగులో సగం అరవమే.

మామకు ఒక నీటిగుంట, దాని కింద వేరుశనగ చేను ఉండేవి. ఏటా వానకు గట్టు జారి బురదంతా చేనుమీద పడేది. ఈసారి కూడా పంట పోతే అప్పుల కింద చేను చేజారినట్టేనని అత్త దిగులు. అందుకని మామ పూండి వైపు కాలవ ఒడ్డునుంచి గోతం నిండా ఒక గడ్డి తెచ్చాడు. ఆకులే ఉండవు, సన్నటి పచ్చ గొట్టాలు. కణుపు దగ్గర లాగితే ఊడొస్తాయి, పెడితే మళ్ళీ అతుక్కున్నట్టే కనిపిస్తాయి. అత్త వాటితో చెంబులు తోమేది. దాని వేళ్ళు మట్టిని వదలవట.

"పాపా, దీన్ని గట్టంతా నడు. నేను సందేళకు వస్తా" అని మామ తిరుత్తణి సంతకు పోయాడు.

ఎందుకు నడవాలో అర్థం కాలేదు. గట్టుకు దిష్టి తీస్తున్నామేమో అనుకున్నాను. గోతం నెత్తిన పెట్టుకుని, ఎండలో తిట్టుకుంటూ గుంట చుట్టూ తిరిగాను.

సాయంత్రం మామ వచ్చి, "అయిందా?" అన్నాడు.

"అయింది మామా. చుట్టూరా నడిచినాను. కాళ్ళు బొబ్బలెక్కినాయి."

అత్త నవ్వు ఆపుకోలేక కూలబడింది. అరవంలో నడు అంటే నాటు అని అప్పుడు తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా చెప్పడం చేతకాదు గానీ నవ్వడానికి మాత్రం ముందుంటారు! మామ నవ్వలేదు. వాడిన గడ్డిని నాతో కలిసి చీకటి పడేలోపు ఒక వైపు గట్టుకు మాత్రం నాటాడు.

ఆ గడ్డి ఎండిపోయింది. రోజూ బడికి పోయేముందు చూసి రావడం, "నీ గడ్డి చచ్చింది మామా" అనడం నా పనైంది. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, వాన కొట్టింది. మేము గడ్డి పెట్టని వైపు గట్టు జారింది, చేను ఒక మూల మునిగింది. నాకు ఏడుపొచ్చింది.

మామ నన్ను గడ్డి నాటిన వైపుకు తీసుకుపోయి మట్టి గీకాడు. లోపల నల్లటి వేరు నా చెయ్యంత పొడుగు పాకి ఉంది. ఆ వైపు గట్టు చెక్కు చెదరలేదు, దాని కింద పంటా నిలిచింది.

"ఒకతూరి నడితే సాలు పాపా. ఆమీట అదే నడస్తాది" అన్నాడు.

ఇప్పటికీ నాకు ఓపిక తక్కువే. చేసిన పని ఫలించలేదని విసుగొస్తే, కాస్త మట్టి గీకి చూడాలనిపిస్తుంది. మొన్న తిరువళ్ళూరులో మనవరాలికి ఈ మాట చెప్పాను. అరవంలో చదువుకుంది కదా, నడు అంటే నాటడమే అనుకుంది. తెలుగులో నడవడం కూడా అని ఈసారి నేను చెప్పాల్సి వచ్చింది.