మొదటిసారి లేచిన చెయ్యి

ఆగస్టు పదిహేడు, సాయంత్రం నాలుగూ ఇరవై. ఆ గడియ నుంచి పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా అన్న చేతిని విరగ్గొట్టింది నేను.

నాన్న సముద్రంలో పోయాక నన్ను పెంచింది అన్నే. కొట్టిందీ అన్నే. ఆయనది ఎడమచేతి వాటం. నా తొమ్మిదో ఏట, నేను వేసిన ముడి జారి పడవ కొట్టుకుపోయిన రోజున, ఆ ఎడమ చెయ్యి తడి మోకు పట్టుకొని నా వీపు తోలు లేచేదాకా ఆగలేదు. తరువాత కారణాలు మారాయిగాని చెయ్యి మారలేదు. ఇప్పటికీ పక్కవాడు తల గోక్కోవడానికి చెయ్యెత్తినా నా మెడ తనంతట తానే ముడుచుకుంటుంది.

ఆ ఏడు వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట కొంచెం ముద్దయింది, కాలు కొంత కోలుకుంది. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి వేళ్లదాకా చచ్చుబడింది. మంచి చేతిని రోజుకు రెండు గంటలు కట్టి ఉంచితే, వేరే దారిలేక రెండోది పని నేర్చుకుంటుందని కావలి నుంచి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మెత్తటి గుడ్డతో, వదులుగా కట్టమంది. నేను నైలాను తాడుతో, కుర్చీ చేతికి బిగించి కట్టాను. ఎందుకు? గుడ్డ జారిపోతుందని వదినకు చెప్పాను. అది అబద్ధం. ఆయన మణికట్టు మీద తాడు ఒరిసిన ఎర్రటి గీత చూసినప్పుడల్లా నాలో ఏదో దాహం తీరేది, దానికి సేవ అని పేరు పెట్టుకోవడం నాకు ఏమాత్రం కష్టం కాలేదు.

ఆ రోజు వదిన చేపలమ్మడానికి బోగోలు వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. ఆయన కుడి చెయ్యి కుర్చీకి కట్టి ఉంది. బల్ల మీద అప్పడాల కర్ర ఉంచి, దాని మీద ఆయన ఎడమ అరచేతిని పెట్టి, ముందుకూ వెనక్కూ దొర్లిస్తున్నాను. అదే వ్యాయామం.

“ఏరా, ముడెయ్యడం ఇప్పుడు నేర్చినావా?” అని నవ్వాడు. “ఆ పొద్దు ఈ మాదిరి కట్టుంటే పడవా పొయ్యేది కాదు, నీ ఈపూ పగిలేది కాదు.”

కర్రను పక్కన పెట్టబోయాను. అప్పుడు లేచింది ఆ చెయ్యి. నాలుగు నెలలుగా వేలైనా కదలని చెయ్యి, వణుకుతూ, నా ముఖం ఎత్తుకు.

దేనికి లేచింది? కొట్టడానికా? నా చెంప తాకడానికా? ఇదిగో లేచిందిరా అని చూపడానికా? నేను ఆగి చూడలేదు. కర్రతో కొట్టాను. మొదటి దెబ్బ భయంతో కొట్టాను. అంతవరకు ఒప్పుకోవడం తేలిక. చెయ్యి బల్ల మీద పడిపోయింది. పడిపోయిన చేతిని, వేళ్ల మీద గురి చూసి, మరి రెండు దెబ్బలు కొట్టాను. వాటికి ఏ సాకూ లేదు. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. విన్నాకనే మూడోది కొట్టాను. అన్న అరవలేదు. కట్టి ఉన్న కుడి చెయ్యి మాత్రం తాడును గుంజీ గుంజీ కుర్చీని కదిపింది.

వదిన వచ్చేసరికి చెయ్యి నల్లగా ఉబ్బింది.

“ఏందబ్బయా ఇది?” అని నన్నే అడిగింది.

అన్నే చెప్పాడు. “పడినాలేమే, మంచం మీంచి. వాడే లేపినాడు.”

దయా? పరువా? చెల్లుకు చెల్లు అనుకున్నాడా? నాకు తెలియదు.

అంతటితో నా తప్పు ఆగలేదు. “పడకముందు ఎప్పుడన్నా కదిలిందాండీ? ఒక్కసారి కదిలున్నా ఆశ పెట్టుకోవచ్చు,” అని తరువాత ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను అడిగింది. లేదన్నాను. విరిగిన చేతి కట్టు విప్పేనాటికి వేళ్లు పిడికిలిగా బిగుసుకుపోయాయి. ఆమె రావడం మానేసింది.

మరిది కాదు, నా పెద్దకొడుకని వదిన నా గురించి అందరికీ చెబుతుంది. ప్రతి ఆదివారం అన్న ఎదుట కూర్చుంటాను. ఆయన ఆ రోజు ఊసెత్తడు. నేను అడగను. ఇది మీకు చెప్పాక ఊపిరి ఒక్క పిసరు తేలికైంది. అంతకుమించి కోరే హక్కు నాకు లేదు.

పోయినవి: మా అన్న ఎడమ చెయ్యి, అది ఆ రోజు ఎందుకు లేచిందో అడిగే ధైర్యం.

మిగిలినవి: ఆయన కుడి చెయ్యి, దాని మీద తాడు మచ్చ, వదిన నమ్మకం, ఆ అప్పడాల కర్ర. వదిన ఇప్పటికీ దానితోనే చపాతీలు ఒత్తుతుంది. ఆదివారం నాకూ రెండు వడ్డిస్తుంది. తింటాను.